పూర్వబాల్య వికాసంలో రగ్బీ ఆట తరగతులు: ప్రయోజనాలు - పరిమితులు

వ్యాస సంగ్రహం:

రగ్బీ అనగానే బలిష్ఠులైన క్రీడాకారులు ఒకరినొకరు ఢీకొని నేలకూలే దృశ్యం స్ఫురిస్తుంది. అటువంటి ఆట పేరుతో ఇంగ్లండులో రెండు మూడేళ్ల పిల్లల నుండి ఏడెనిమిదేళ్ల పిల్లల వరకు ఆట తరగతులు జరుగుతున్నాయి. ఈ తరగతులు పిల్లల చలన, సంజ్ఞానాత్మక, సాంఘిక, ఉద్వేగ వికాసాలకు ఏ విధంగా తోడ్పడతాయో వికాస మనోవిజ్ఞాన సిద్ధాంతాల వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటి ప్రయోజనం రగ్బీ అనే పేరులో గాని, దాని పౌరుషంలో గాని లేదు. పెద్దల ఆట నుండి దేనిని తొలగించారు, దేనిని నిలుపుకొన్నారు అన్న ఎంపికలో ఉంది. ట్యాకిల్‌ను తొలగించి కోలబంతిని, వెనక్కి అందించే నియమాన్ని, ఖాళీ స్థలాన్ని వెతుక్కునే పరుగును నిలుపుకోవడం వల్లనే ఈ ఆట పసిపిల్లలకు పనికివచ్చింది. ప్రయోజనాలతో పాటు వాటి హద్దులను, ట్యాకిల్ వివాదాన్ని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: రగ్బీ, ట్యాగ్ రగ్బీ, పూర్వబాల్యం, మౌలిక చలన నైపుణ్యాలు, నిరోధక నియంత్రణ, సహకార క్రీడ, సామీప్య వికాస మండలం.

1. ఉపోద్ఘాతం:

శిశువు లోకాన్ని మొదట శరీరంతోనే తెలుసుకుంటుంది. పాకడం, నిలబడడం, నడవడం, పరుగెత్తడం అన్నవి కేవలం కండరాల పనులు కావు. దూరమంటే ఏమిటో, అడ్డంకి అంటే ఏమిటో, ఎదుటి మనిషి ఎటు కదులుతాడో శిశువు వాటి ద్వారానే నేర్చుకుంటుంది. అందువల్లనే ఇంగ్లండులో పుట్టుక నుండి ఐదేళ్ల వరకు వర్తించే ‘ఎర్లీ ఇయర్స్ ఫౌండేషన్ స్టేజ్’ విద్యా ప్రణాళిక శారీరక వికాసాన్ని మూడు ప్రధాన రంగాలలో ఒకటిగా గుర్తించింది. తక్కిన రెండు భావప్రసారం - భాష. వ్యక్తిగత, సాంఘిక, ఉద్వేగ వికాసం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలను వెలువరించింది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు శారీరకంగా చురుకుగా ఉండాలని, అందులో కనీసం 60 నిమిషాలు మధ్యస్థ లేదా తీవ్ర శ్రమతో కూడి ఉండాలని వాటి సారాంశం. పట్టణ జీవనంలో ఆరుబయలు తగ్గిపోవడం, తెరల ముందు గడిపే సమయం పెరగడం వల్ల ఈ పరిమాణాన్ని అందుకోవడం అనేక కుటుంబాలకు కష్టమవుతున్నది. బ్రిటన్‌లో పసిపిల్లల కోసం నడిచే ఈత, జిమ్నాస్టిక్స్, ఫుట్‌బాల్, రగ్బీ తరగతులను ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది.

ఈ తరగతుల ప్రచారంలో ఆత్మవిశ్వాసం, నాయకత్వం, ఏకాగ్రత వంటి మాటలు ధారాళంగా వినిపిస్తాయి. వాటిలో ఎంతవరకు నిజముందో తేల్చాలంటే మొదట ఆటను విడదీసి చూడాలి. ఏ నియమం ఏ నైపుణ్యాన్ని కోరుతున్నది, ఆ నైపుణ్యం ఏ వయస్సులో పిల్లలకు అందుబాటులోకి వస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం వెతకాలి.

2. రగ్బీ - పెద్దల ఆట నుండి పిల్లల ఆటకు:

రగ్బీకి ఆ పేరు ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌కు చెందిన రగ్బీ పట్టణంలోని పాఠశాల వల్ల వచ్చింది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుతూ బంతిని చేత పట్టుకొని పరుగెత్తాడనే కథ ప్రసిద్ధమే గాని, దానికి గట్టి చారిత్రక ఆధారం లేదు. ఆ పాఠశాల విద్యార్థులు 1845లో నియమాలను మొదటిసారి లిఖితరూపంలో ఉంచారు. 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఏర్పడింది. 1895లో ఆట రెండుగా చీలింది. కాలక్రమంలో జట్టుకు పదిహేను మంది ఆడేది రగ్బీ యూనియన్‌గా, పదమూడు మంది ఆడేది రగ్బీ లీగ్‌గా స్థిరపడ్డాయి.

పెద్దల ఆటలో మూడు అంశాలు ముఖ్యమైనవి. బంతిని చేత పట్టుకొని ప్రత్యర్థి గీత దాటి నేలకు ఆనించడం మొదటిది. దీనిని ‘ట్రై’ అంటారు. బంతిని చేతులతో ముందుకు విసరరాదు; పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ఇది రెండవది. బంతి పట్టుకున్నవాడిని ప్రత్యర్థి పట్టి నేలకూల్చవచ్చు. ట్యాకిల్ అనే ఈ చర్య మూడవది.

పిల్లల ఆటలో మొదటి రెండూ నిలిచాయి, మూడవది మారిపోయింది. ట్యాగ్ రగ్బీలో ప్రతి పిల్లవాడి నడుముకు ఒక బెల్టు ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు గుడ్డపట్టీలు వెల్‌క్రోతో అంటుకొని ఉంటాయి. బంతి పట్టుకున్నవాడిని పడగొట్టే బదులు ఆ పట్టీలలో ఒకదానిని లాగివేస్తే చాలు. లాగినవారు ‘ట్యాగ్’ అని అరుస్తారు. బంతి ఉన్నవారు వెంటనే దానిని తోటివారికి అందించాలి. చేతితో ప్రత్యర్థిని నెట్టడం, పట్టీని చేతితో కప్పి దాచుకోవడం నిషిద్ధం. స్క్రమ్ లేదు, కాలితో తన్నడం లేదు. న్యూజీలాండులో ఇటువంటి ఆటనే ‘రిప్పా రగ్బీ’ అంటారు.

ఇంగ్లండు రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ నియమావళి ప్రకారం ఏడేళ్లలోపు విభాగంలో జట్టుకు నలుగురు, ఎనిమిదేళ్లలోపు విభాగంలో ఆరుగురు ఆడతారు. ఈ రెండు విభాగాలలోనూ ట్యాగ్ రగ్బీ మాత్రమే ఉంటుంది. తొమ్మిదేళ్లలోపు విభాగం నుండి ట్యాకిల్ క్రమంగా ప్రవేశిస్తుంది. బంతి పరిమాణం కూడా వయస్సును బట్టి మారుతుంది. చిన్నపిల్లలకు మూడవ సంఖ్య బంతిని, ఆ తరువాతి వయస్సు వారికి నాలుగవ సంఖ్య బంతిని, పెద్దలకు ఐదవ సంఖ్య బంతిని వాడతారు.

శాస్త్రవేత్త కార్ల్ న్యూవెల్ 1986లో చలనాన్ని మూడు రకాల నిర్బంధాలు తీర్చిదిద్దుతాయని ప్రతిపాదించాడు. అవి వ్యక్తికి సంబంధించినవి, పరిసరానికి సంబంధించినవి, చేయవలసిన పనికి సంబంధించినవి. పిల్లవాడి ఎత్తును, కండబలాన్ని శిక్షకుడు మార్చలేడు. బంతి పరిమాణాన్ని, ఆటస్థలం వెడల్పును, జట్టు సంఖ్యను, నియమాన్ని మాత్రం మార్చగలడు. ట్యాగ్ రగ్బీ అటువంటి మార్పుకు చక్కని ఉదాహరణ.

3. ఆట తరగతి స్వరూపం:

పసిపిల్లల తరగతి సాధారణంగా అరగంట నుండి ముప్పావు గంట వరకు ఉంటుంది. రెండు మూడేళ్ల పిల్లలతో తల్లిగాని తండ్రిగాని మైదానంలోనే ఉండి ఆడతారు. మొదట శరీరాన్ని వేడెక్కించే చిన్న ఆట ఉంటుంది. రంగురంగుల శంకువుల మధ్య పరుగెత్తి ‘ఎరుపు’ అనగానే ఎర్ర శంకువు దగ్గర ఆగడం దీనికి ఒక నమూనా. తరువాత బంతిని గుండెకు హత్తుకొని పరుగెత్తి, గీత దాటి, మోకాళ్లు వంచి నేలకు ఆనించడం అభ్యాసం చేయిస్తారు. దానినే కథగా మలచి చెబుతారు. బంతి డైనోసారు గుడ్డవుతుంది, గీత అవతల గూడు ఉంటుంది. ‘గుడ్డు పగలకుండా గూటికి చేర్చాలి’ అనగానే పిల్లవాడికి ట్రై నియమం వేరుగా బోధించవలసిన పని ఉండదు.

నాలుగైదేళ్ల వారికి తోకలు లాక్కునే ఆట రూపంలో ట్యాగ్ పరిచయమవుతుంది. ఐదారేళ్ల వారికి ఇద్దరు ముగ్గురు కలిసి బంతి అందించుకోవడం, ఆ తరువాత చిన్న జట్లుగా ఆడడం వస్తాయి. అంటే తరగతిలో వయస్సుతో పాటు పెరిగేది నియమాల సంఖ్య. మూడేళ్ల పిల్లవాడికి ఒకే నియమం, ఏడేళ్ల పిల్లవాడికి నాలుగైదు నియమాలు.

4. చలన వికాసం:

చలన వికాస శాస్త్రంలో మౌలిక చలన నైపుణ్యాలను మూడు వర్గాలుగా విభజిస్తారు. పరుగు, గెంతు, దుముకు వంటివి స్థలాంతర నైపుణ్యాలు. వంగడం, తిరగడం, ఒంటికాలిపై నిలవడం వంటివి సమతౌల్య నైపుణ్యాలు. విసరడం, పట్టడం, తన్నడం వంటివి వస్తు నియంత్రణ నైపుణ్యాలు. డేవిడ్ గలాహ్యూ ప్రతిపాదించిన నమూనాలో ఈ మౌలిక దశ సుమారు రెండేళ్ల నుండి ఏడేళ్ల వరకు విస్తరించి ఉంటుంది. ఈ నైపుణ్యాలు వయస్సుతో పాటు వాటంతట అవే పరిపక్వం కావని, అవకాశం, ప్రోత్సాహం, బోధన అవసరమని ఈ రంగంలోని పరిశోధకులు నొక్కి చెబుతారు.

4.1 కోలబంతి: రగ్బీ బంతి గుండ్రంగా ఉండదు. నేలమీద పడినప్పుడు ఎటు ఎగురుతుందో ముందుగా చెప్పలేము. గుండ్రని బంతితో పిల్లవాడు ఒకే రకమైన ఎగురుడుకు అలవాటు పడతాడు. కోలబంతి ప్రతిసారి కొత్త సమస్యను ముందుంచుతుంది. చూపు బంతిని అనుసరించాలి, కాళ్లు దిశ మార్చుకోవాలి, చేతులు చివరి క్షణంలో సర్దుకోవాలి. అయితే ఇదే గుణం మరీ చిన్నపిల్లలకు నిరాశ కలిగించవచ్చు. అందువల్ల మంచి శిక్షకుడు మొదట దొర్లించడం, ఎత్తుకోవడం, మోయడం నేర్పి, పట్టడాన్ని తరువాతకు వాయిదా వేస్తాడు.

4.2 పట్టడం, అందించడం: మూడేళ్ల పిల్లవాడు బంతి వస్తుంటే చేతులు బిగువుగా చాస్తాడు, ముఖం పక్కకు తిప్పుకుంటాడు, బంతిని చేతులతో కాక రొమ్ముతో అదుముకొని పడతాడు. వేళ్లతో పట్టే నేర్పు తరువాతి సంవత్సరాలలో క్రమంగా వస్తుంది. పాఠ్యగ్రంథాలలో చెప్పే సమీప-దూరస్థ వికాస సూత్రానికి ఇది ప్రత్యక్ష నిదర్శనం. నియంత్రణ భుజం నుండి మోచేతికి, అక్కడి నుండి వేళ్లకు చేరుతుంది. రగ్బీలో బంతిని రెండు చేతులతో పట్టుకొని, నడుమును తిప్పుతూ, శరీరానికి అడ్డంగా ఒక పక్క నుండి మరొక పక్కకు ఊపి అందిస్తారు. ఇందులో రెండు చేతులు కలిసి పనిచేయాలి, చేతులు శరీర మధ్యరేఖను దాటాలి, కాళ్లు మాత్రం ముందుకే పరుగెత్తాలి. పైభాగం ఒక పని, కింది భాగం మరొక పని చేసే ఈ సమన్వయం ఆటకు ప్రత్యేకమైన కానుక.

4.3 తప్పించుకునే పరుగు: తిన్నగా పరుగెత్తడం ఒక నైపుణ్యం. వేగంగా వెళ్తూ ఆగడం, పక్కకు మళ్లడం, మళ్లీ వేగం పుంజుకోవడం వేరొక నైపుణ్యం. నడుము పట్టీ పోకుండా చూసుకోవాలనే కోరిక పిల్లవాడి చేత ఈ రెండవ రకం పరుగును ఎన్నోసార్లు చేయిస్తుంది. శరీర బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చడం, మోకాలిని వంచి నడుమును దించడం వంటివి విడిగా కసరత్తుగా చెబితే పిల్లలు చేయరు. ఆటలో అడగకుండానే చేస్తారు.

5. సంజ్ఞానాత్మక వికాసం:

5.1 నిరోధక నియంత్రణ: కెనడా శాస్త్రవేత్త అడెల్ డయమండ్ కార్యనిర్వాహక ప్రక్రియలలో మూడింటిని కీలకమైనవిగా వివరించింది. తొందరపాటును ఆపుకొనే నిరోధక నియంత్రణ, సమాచారాన్ని మనస్సులో నిలిపి వాడుకొనే క్రియాశీల స్మృతి, పరిస్థితిని బట్టి ఆలోచనను మార్చుకొనే నమ్యత అవి. రంగు శంకువుల ఆటలో ‘ఆగు’ అన్న మాట వినగానే పరుగును ఆపడం మొదటిది. ‘ఎరుపైతే ఆగాలి, పచ్చయితే గెంతాలి’ అని గుర్తుంచుకోవడం రెండవది. మధ్యలో శిక్షకుడు నియమాన్ని తలకిందులు చేసినప్పుడు కొత్త నియమానికి మళ్లడం మూడవది.

ట్యాగ్ రగ్బీలో ఆత్మనిగ్రహానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉంది. పట్టీ పోయినవారు ఇంకా పరుగెత్తగలరు. గీత నాలుగు అడుగుల దూరంలోనే ఉండవచ్చు. అయినా ఆగి, బంతిని వేరొకరికి ఇచ్చివేయాలి. పట్టీని లాగినవారు కూడా దానిని విజయచిహ్నంగా దాచుకోరాదు. దానిని తిరిగి ఎదుటివారి చేతికి అందించిన తరువాతనే ఆటలో చేరాలి. గెలుపు వేడిలో ఉన్న ఆరేళ్ల పిల్లవాడికి ఈ రెండూ చిన్న పనులు కావు.

5.2 వెనక్కి అందించే నియమం: చేరవలసిన గీత ముందు ఉంది, బంతి వెళ్లవలసిన దిశ వెనుక ఉంది. లక్ష్యానికి, సాధనానికి మధ్య ఉన్న ఈ వైరుధ్యమే రగ్బీలోని విశిష్ట లక్షణం. పియాజె చెప్పిన పూర్వప్రచాలక దశలోని పిల్లవాడు తన దృష్టికోణం నుండి బయటకు వచ్చి ఎదుటివారి స్థానం నుండి చూడడంలో ఇబ్బంది పడతాడు. బంతిని వెనక్కి అందించాలంటే తనకు కనిపించని తోటివాడు ఎక్కడ ఉన్నాడో ఊహించాలి. అతని పిలుపు వినాలి. అతను తన వెనుక ఉండడమే తనకు మేలని గ్రహించాలి.

ఈ కారణం చేతనే మూడు, నాలుగేళ్ల పిల్లల మీద ఈ నియమాన్ని రుద్దడం వృథా. బంతి ఎక్కడుంటే అక్కడికి అందరూ తేనెటీగల్లా ముసురుకోవడం ఆ వయస్సు లక్షణం, తప్పు కాదు. ఐదారేళ్ల వయస్సులో నలుగురేసి జట్లలో, వెడల్పైన స్థలంలో ఆడినప్పుడు ఆ గుంపు మెల్లగా విచ్చుకుంటుంది. వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఒంటరిగా సాధ్యం కానిది, తోటివారి పిలుపుతో, శిక్షకుని చిన్న సూచనతో సాధ్యమవుతుంది. కల్పిత ఆటలోనూ నియమం దాగి ఉంటుందని, నియమానికి లోబడడంలోనే పిల్లలు ఆనందం పొందుతారని వైగాట్‌స్కీ చేసిన ప్రతిపాదన డైనోసారు గుడ్డు కథకు కూడా వర్తిస్తుంది.

5.3 భాష: ముందు, వెనుక, పక్క, అవతల, మధ్య, దగ్గర వంటి స్థలవాచకాలను పిల్లలు చేతలతో ముడిపెట్టి నేర్చుకుంటారు. ఆట తరగతిలో ఈ మాటలు ప్రతి నిమిషం వినిపిస్తాయి, విన్న వెంటనే శరీరం వాటికి అర్థం చెబుతుంది. ఇంట్లో వేరొక భాష మాట్లాడి, ఆటస్థలంలో ఆంగ్లం వినే వలస కుటుంబాల పిల్లలకు చూసి అనుకరించే వీలున్న ఇటువంటి సందర్భం ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇది వర్తించే విషయమే.

6. సాంఘిక, ఉద్వేగ వికాసం:

మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన పరిశీలనలో పసిపిల్లల ఆటను వర్గీకరించి ఏకాంత క్రీడ, సమాంతర క్రీడ, సంసర్గ క్రీడ, సహకార క్రీడ అనే రూపాలను వివరించింది. రగ్బీ ఆట తరగతి ఈ క్రమాన్ని గౌరవించినప్పుడే ఫలిస్తుంది. రెండేళ్లవారు ఒకరి పక్కన ఒకరు ఎవరి బంతితో వారు ఆడతారు. అది సమాంతర క్రీడ. నాలుగేళ్లవారు బంతులు మార్చుకుంటారు, ఒకరి తోక ఒకరు లాక్కుంటారు. అది సంసర్గ క్రీడ. ఆరేళ్లవారు ఒకే బంతిని గీత దాటించడానికి కలిసి ప్రయత్నిస్తారు. అది సహకార క్రీడ.

బంతిని ముందుకు విసరలేకపోవడం వల్ల వెనుకనున్నవారు అవసరమవుతారు. వేగంగా పరుగెత్తలేని పిల్లవాడికి కూడా ఆటలో స్థానం దొరుకుతుంది. ఇంగ్లండులో చిన్న వయోవిభాగాలలో బాలబాలికలు కలిసి ఆడడం మరొక విశేషం. ఆ వయస్సులో శారీరక భేదాలు స్వల్పం కాబట్టి ఈ కలయికకు ఆటంకం లేదు.

ఉద్వేగ వికాసం విషయంలో తరగతి వాతావరణమే నిర్ణాయకం. ఇతరులతో పోల్చి గెలుపోటములను చాటే పద్ధతి ఒకటి. నిన్నటి కంటే ఈ రోజు ఏమి చేయగలిగావో చూపే పద్ధతి మరొకటి. డేవిడ్ స్టోడెన్ తదితరులు 2008లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం చలన సామర్థ్యం, తన సామర్థ్యం గురించి పిల్లవాడికి ఉన్న నమ్మకం, శారీరక క్రియాశీలత ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి లేదా తగ్గించుకుంటూ పోతాయి. పసిపిల్లలు తమ సామర్థ్యాన్ని ఎక్కువగా ఊహించుకుంటారు. బంతి పది సార్లు జారిపోయినా ‘నేను బాగా పడతాను’ అంటారు. ఈ అమాయక విశ్వాసం ఒక అవకాశం. అది ఉన్నంతకాలం పిల్లవాడు ప్రయత్నం మానడు. బడి వయస్సు పెరిగేకొద్దీ పోలిక మొదలవుతుంది, విశ్వాసం వాస్తవానికి దగ్గరవుతుంది. అప్పటికి నైపుణ్యం రాని పిల్లవాడు మైదానం నుండి తప్పుకుంటాడు. పూర్వబాల్యంలోనే చలన శిక్షణ ఎందుకు అన్న ప్రశ్నకు ఇది బలమైన సమాధానం.

7. ఆధారాల బలం:

సామ్యుల్ లోగన్ తదితరులు 2012లో ప్రచురించిన అధి విశ్లేషణ, ప్రణాళికాబద్ధమైన చలన శిక్షణ వల్ల పిల్లల మౌలిక నైపుణ్యాలు మెరుగుపడతాయని, కేవలం స్వేచ్ఛగా ఆడుకునే పోలిక వర్గాలలో అటువంటి ప్రగతి కనిపించలేదని తెలిపింది. రగ్బీ తరగతులకు అనుకూలంగా చెప్పదగిన ఆధారాలలో ఇది ముఖ్యమైనది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ పరిశోధన చలన శిక్షణకు సంబంధించినది, రగ్బీకి ప్రత్యేకించినది కాదు. రగ్బీయే తక్కిన ఆటల కంటే మేలైనదని దీనినిబట్టి చెప్పరాదు. కోలబంతి, వెనక్కి అందించడం వంటి అంశాల గురించి పై విభాగాలలో చేసిన వివరణ సిద్ధాంతాల ఆధారంగా చేసిన అనుమితి మాత్రమే. అనుమితిని ఫలితంగా ప్రచారం చేయడం శాస్త్రీయం కాదు.

పరిమాణం కూడా గమనించదగినది. రోజుకు 180 నిమిషాల చొప్పున వారానికి 1260 నిమిషాలు అవుతాయి. వారానికొక అరగంట తరగతి అందులో 42వ వంతు. ఆ అరగంట శ్రమ వల్ల ఆరోగ్య లక్ష్యం నెరవేరదు. తరగతిలో నేర్చిన ఆటను పిల్లవాడు ఇంటి పెరటిలో, పార్కులో, అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో మళ్లీ ఆడినప్పుడే తక్కిన 41 వంతులకు అది తోడ్పడుతుంది. తల్లిదండ్రులను మైదానంలోకి దించే తరగతులు మెరుగనడానికి కారణం ఇదే. ఆట వారితో పాటు ఇంటికి వెళ్తుంది.

8. పరిమితులు, వివాదాలు:

8.1 ట్యాకిల్ వివాదం: ప్రజారోగ్య ఆచార్యురాలు అలిసన్ పొలాక్ 2014లో రగ్బీ గాయాల గురించి తల్లిదండ్రుల కోసం ఒక గ్రంథాన్ని ప్రచురించింది. 2016లో 70 మందికి పైగా వైద్యులు, విద్యావేత్తలు బ్రిటన్, ఐర్లండు పాఠశాలల రగ్బీలో ట్యాకిల్‌ను నిషేధించాలని బహిరంగ లేఖ రాశారు. మెదడుకు తగిలే దెబ్బల ప్రమాదం వారి ప్రధాన ఆందోళన. సరైన పద్ధతిని చిన్నప్పుడే నేర్పకపోతే పెద్దయ్యాక ప్రమాదం పెరుగుతుందన్నది ప్రతివాదం. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సలహాదారులు నిషేధాన్ని సమర్థించలేదు. అయినా చర్చ ఆగలేదు. 2023లో ఇంగ్లండు సామాజిక స్థాయి ఆటలో ట్యాకిల్ అనుమతించే ఎత్తును రొమ్ము ఎముక దిగువకు తగ్గించారు.

ఈ వివాదం పసిపిల్లల తరగతులకు రెండు విధాలుగా సంబంధించినది. ఈ తరగతులలో ట్యాకిల్ లేదు కాబట్టి ఆ గాయాల లెక్కలను వీటికి వర్తింపజేయరాదు. అయితే ఇవి ఆ ఆటకు తొలి మెట్టు కాబట్టి ఎనిమిదేళ్ల తరువాత ఏమి జరుగుతుందో తెలుసుకొని నిర్ణయించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ట్యాగ్ ఆట వల్ల కలిగే మేలును చూపి ట్యాకిల్‌ను సమర్థించడం, ట్యాకిల్ ప్రమాదాన్ని చూపి ట్యాగ్ ఆటను తిరస్కరించడం రెండూ తర్కదోషాలే.

8.2 సాపేక్ష వయఃప్రభావం: ఇంగ్లండు పాఠశాల సంవత్సరం సెప్టెంబరు 1తో మొదలవుతుంది. ఒకే విభాగంలో సెప్టెంబరులో పుట్టినవారికి, మరుసటి ఆగస్టులో పుట్టినవారికి దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఐదేళ్ల పిల్లవాడికి అది జీవితంలో ఐదవ వంతు. పెద్దవాడి నేర్పును ప్రతిభగా, చిన్నవాడి వెనుకబాటును అసమర్థతగా భావించే ప్రమాదం ఇక్కడ ఉంది. స్కోరు లెక్కించే తరగతులలో ఈ ప్రమాదం ఎక్కువ.

8.3 ఒకే ఆటకు పరిమితం కావడం: అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో, ఒకే క్రీడలో ప్రత్యేకీకరణను కౌమారం చివరి దశ వరకు వాయిదా వేయడం మేలని సూచించింది. రగ్బీలో తన్నడం, కొట్టడం, ఎక్కడం వంటి నైపుణ్యాలకు పసి వయస్సులో చోటు తక్కువ. కాబట్టి ఈత, నృత్యం, చెట్టెక్కడం, ఇతర బంతి ఆటలతో కలిసినప్పుడే దీని ప్రయోజనం సంపూర్ణమవుతుంది. రుసుము చెల్లించి చేరే తరగతులు స్తోమత ఉన్న కుటుంబాలకే అందుతాయన్నది కూడా మరువరాని పరిమితి.

9. తెలుగు ఆటలతో పోలిక:

తెలుగు ప్రాంతాలలో రగ్బీ ఇంకా కొత్తదే. 2025లో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు ఆడడంతో ఈ ఆట పేరు ఇక్కడ మరికొందరికి తెలిసింది. అయితే పై విశ్లేషణ నుండి గ్రహించవలసినది ఆట పేరు కంటే పద్ధతి. తొక్కుడుబిళ్ల ఒంటికాలి సమతౌల్యాన్ని కోరుతుంది. దాగుడుమూతలు ఎదుటివారికి ఏమి కనిపిస్తుందో ఊహించమంటుంది. చెడుగుడు కూత ఆగకుండా శ్వాసను, పరుగును కలిపి నడిపించమంటుంది. ఏ నియమం ఏ నైపుణ్యాన్ని కోరుతున్నదో ఈ విధంగా గుర్తిస్తే ప్రతి ఆటను పసిపిల్లల వయస్సుకు అనుగుణంగా మలచవచ్చు. పట్టుపట్టే చెడుగుడును నాలుగేళ్ల పిల్లలకు యథాతథంగా నేర్పలేము. నడుముకు గుడ్డపట్టీ కట్టి, పట్టుకు బదులు దానిని లాగమంటే నేర్పవచ్చు. మూడు నుండి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటను బోధనకు కేంద్రంగా నిలిపింది. ఆ ఆశయం అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల ఆవరణలలో ఆచరణకు రావాలంటే ఇటువంటి విశ్లేషణలు అవసరం.

10. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. పసిపిల్లల రగ్బీ తరగతుల ప్రయోజనం ట్యాకిల్‌ను తొలగించి, కోలబంతిని, వెనక్కి అందించే నియమాన్ని, తప్పించుకునే పరుగును నిలుపుకోవడంలో ఉంది.

2. స్థలాంతర, సమతౌల్య, వస్తు నియంత్రణ నైపుణ్యాలు మూడింటికీ ఈ ఆటలో అవకాశం ఉంది. శరీర మధ్యరేఖను దాటే రెండు చేతుల అందింపు దీని విశేషం.

3. పట్టీ పోగానే ఆగడం, లాగిన పట్టీని తిరిగి ఇవ్వడం, వెనుకనున్న తోటివాడిని ఊహించడం నిరోధక నియంత్రణకు, పరదృష్టి గ్రహణకు అభ్యాసం కల్పిస్తాయి.

4. నియమాల సంఖ్య వయస్సును మించితే ఈ ప్రయోజనాలు నిరాశగా మారతాయి. సమాంతర క్రీడ నుండి సహకార క్రీడ వరకు సహజ క్రమాన్ని పాటించాలి.

5. లభ్యమైన ఆధారం ప్రణాళికాబద్ధమైన చలన శిక్షణకు ప్రధానంగా అనుకూలం. దానిని రగ్బీ ఒక్కదాని ఘనతగా చెప్పరాదు.

6. వారానికి ఒక తరగతి ఆరంభం మాత్రమే. ఇంటికి వెళ్లిన ఆటే పిల్లవాడిని పెంచుతుంది.

పెద్దల క్రీడను పసివారికి ఇచ్చేటప్పుడు దాని ఖ్యాతిని కాక నియమాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి. పిల్లవాడి శరీరం, మనస్సు ఆ దినాన భరించగలిగినంతే అందించాలి. శిశు విద్యారంగంలో పనిచేసే అధ్యాపకులకు, శిక్షకులకు ట్యాగ్ రగ్బీ చరిత్ర నుండి అందే ప్రధాన పాఠం ఇదే.